వన్స్ మోర్ కోసం కాచుకున్న మా అత్త

మీరు రాలేదు. ముందు ఆ మాట ఒప్పుకోండి, సంతాపం సంగతి తర్వాత చూద్దాం.

మా అత్త పోయిందని తెలిసిన పొద్దున మీ ఫోన్లన్నీ దీపాలు వెలిగించాయి. చేతులు జోడించిన బొమ్మలు, రాలుతున్న పూలు. ‘రంగస్థలానికి తీరని లోటు’ అని చింతామణి నుంచి ఒకరు, ‘ఒక శకం ముగిసింది’ అని చిక్కబళ్ళాపురం నుంచి ఇంకొకరు. ఏ శకమండీ? ఆమె ఆట ఒక్కటైనా చూశారా? బాగేపల్లిలో ఆడిన రోజు మీకు పెళ్ళి, పేరేసంద్రలో ఆడిన రోజు మీకు క్రికెట్టు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆమె బతికున్నన్నాళ్ళూ సోడాబుడ్డి కళ్ళద్దాలని నవ్వినవాళ్ళకే ఇప్పుడా కళ్ళలో జ్యోతులు కనిపిస్తున్నాయి.

నాకు ఆ కబురు బాగేపల్లి బస్టాండులో తెలిసింది. టీ గ్లాసు చేతిలో ఉంది. ఫోను చేసింది గంగరత్న. చింతామణిలో పట్టుగూళ్ళ నుంచి దారం తీసే పనిచేస్తుంది. మా అత్త ఆటలో కథానాయిక.

“అన్నా, యాడుండావు?”

“బాగేపల్లిలో. ఏమ్మా?”

“టీచరమ్మ లేదన్నా. నిద్దర్లోనే పొయ్యింది. కాఫీ ఇస్తామని లేపితే…” ఆమె వెనక దారం తీసే మిషన్ల చప్పుడు. దాని మీదుగా గొంతు పెంచి అడిగింది: “అన్నా, మన ఆట నిలిచిపోతాదా?”

ఆ ప్రశ్నకు ఈ వ్యాసమే జవాబు అనుకోండి.

మా అత్త అంటే మా నాన్న చెల్లెలు. కర్ణాటకలో మా తెలుగు సరిహద్దున, గౌరిబిదనూరు పక్కన హొసూరులో పుట్టింది. చింతామణిలో హైస్కూలు పిల్లలకు కన్నడంలో లెక్కలు చెప్పి, వాళ్ళని తెలుగులో తిట్టి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు “టైం టేబుల్లో పీరియడ్ దొరకలేదప్పా” అని చెప్పేది. రిటైరయ్యాక కూడా చీర కొంగుకు సుద్దముక్క ముడి వేసుకునే తిరిగేది. స్టేజీ మీద ఎవరెక్కడ నిలబడాలో ఆ సుద్దతోనే గీత గీసేది. గీత దాటినవాళ్ళ మీదికి ఆ ముక్కే ఎగిరి వచ్చేది. గురి తప్పేది కాదు. గొంతు మాత్రం అధ్వానం. ఆమె పాడితే పక్కింటి కుక్క జవాబిచ్చేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. కాబట్టి హార్మోనియంతో సరిపెట్టుకుంది, దాన్ని చిన్నప్పుడే హొసూరులో నేర్చుకుంది.

పాత సినిమాలను పాటల ఆటలుగా మార్చి రంగస్థలం ఎక్కించడం ఆమె పెట్టుకున్న పని. పెట్టుకున్న తగువు అన్నా తప్పులేదు. మొదటి తగువు నాతోనే.

నేనేమిటో మీకు తెలుసు. నలుపు తెలుపు కాలపు కుటుంబ చిత్రాలు మన ఆడవాళ్ళకు తేనెలో రంగరించి పోసిన విషమని పత్రికల్లో చాలాసార్లు రాశాను, మీలో కొందరితో తిట్లూ తిన్నాను. అలాంటి నా ఎదుటికి మా అత్త ఒక సినిమా పట్టుకొచ్చింది. పేరు రాయను. రాస్తే అభిమానులు కథ వదిలేసి నా మీద పడతారు. కథ మాత్రం చెబుతాను, మీకు కొత్తదేం కాదు. ఊరి మాటలు విని భర్త భార్యను అనుమానిస్తాడు, చంటిబిడ్డతో సహా ఇంట్లోంచి గెంటేస్తాడు. ఆమె రాళ్ళు మోసి బిడ్డను పెంచుతుంది. చివరికి ఆమె తప్పు లేదని అందరికీ తెలుస్తుంది. తెలిసింది కదా, ఆయన వచ్చి క్షమించమని అడగాలా? అడగడు. ఆమే ఆయన గడప దగ్గరికి వచ్చి, కాళ్ళ మీద పడి, తప్పు నాదే తలుపు తియ్యి అని పాడుతుంది. ఆయన కరుణిస్తాడు. శుభం.

“ఇది చెత్తకుప్పలో వెయ్యాల్సిన సరుకు అత్తా,” అన్నాను. “దీన్ని ఈ కాలంలో స్టేజీ ఎక్కిస్తావా?”

“నువ్వు కొత్త నాటకం రాసినావే పోయిన ఏడు. ఎవురొచ్చినార్రా చూసేదానికి?”

“ఎవరో కొందరు.”

“నీ దోస్తులు. నీ మాట ముందే ఒప్పుకున్నోళ్ళు. ఈ సినిమా పాట పెట్టు, ఒప్పుకోనోళ్ళంతా వస్తారు. వాళ్ళతో కదా మనకు పని?”

నేను ఒప్పుకోలేదు. విషం గిన్నె మార్చినా విషమే అన్నాను. ఆమె ఫోను తీసి ఆ చివరి సన్నివేశం పెట్టింది. కథానాయిక గడప దగ్గరికి వచ్చింది. వంగబోయే ముందు మా అత్త బొటనవేలితో టక్కున ఆపింది.

“ఈడ చూడు. ఆయమ్మ మొగం చూడు.”

చూశాను. నటి వంగబోయే ముందు ఆయన వైపు ఒక్క చూపు చూస్తుంది. రెప్పపాటు. దండం పెట్టే మనిషి చూపు కాదది. నేనా సినిమాను తిడుతూ చాలాసార్లు చూశాను, ఆ చూపు నా కంట ఎప్పుడూ పడలేదు.

“ఈ చూపు చూడమని ఆ డైరెక్టరు చెప్పింటాడా? చెప్పింటే తరవాత కాళ్ళ మీద పడెయ్యడు. ఆయమ్మే చూసింది. సినిమాకు దాన్ని ఏం చేసుకోవాల్నో తెలీలేదు. మనం ఆ చూపుకు చోటిస్తాము, అంతే.”

ఎలా ఇవ్వాలనుకుందో చెప్పాలంటే మన పద్యనాటకాల అలవాటు ఒకటి గుర్తు చేయాలి. పెద్దవాళ్ళకు తెలుసు. పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అని అరుస్తారు, పాత్రధారి మళ్ళీ పాడి తీరాలి. చచ్చి పడిపోయినవాడైనా సరే. అత్త చిన్నప్పుడు హొసూరులో చూసిందట: యుద్ధంలో కూలిన వీరుడు వన్స్ మోర్ వినగానే లేచి, పంచె దులుపుకుని, పద్యం ఎత్తుకుని, మళ్ళీ పద్ధతిగా చచ్చాడు. జనం నవ్వారట. తను మాత్రం రెండోసారి ఆయన చావకుండా పోతాడేమోనని ఊపిరి బిగబట్టిందట.

“సినిమాకు వన్స్ మోర్ లేదురా. ఎన్నిసార్లు చూడు, ఆయమ్మ వంగాల్సిందే. ఆటకు ఉండాది. మళ్ళా పాడమంటే మళ్ళా పాడాల. మళ్ళా పాడేటప్పుడు అట్లే పాడాలని యాడ రాసి ఉండాది?”

అది ఆమె పథకం. మొదటిసారి పాట సినిమాలో ఉన్నట్టే: ఆమె గడప బయట, ఆయన కాళ్ళ దగ్గర. జనం వన్స్ మోర్ అడిగితే, అప్పుడు మాత్రమే, రెండో ముగింపు. అడగకపోతే సినిమా ముగింపే ముగింపు. తెర.

“ఇది జూదం అత్తా. ఎవరూ అడగకపోతే?”

“అడక్కపోతే వాళ్ళకు అదే ప్రాప్తం. జనాన్ని చెవి పట్టుకొని మంచోళ్ళను చేసేదానికి నేనేమన్నా హెడ్ మాస్టర్నా? అడగాల. వాళ్ళ నోటితో అడగాల.” నా మొహం చూసి నవ్వింది. “నీకు కోపం ఉండాది, నిండా ఉండాది. దానికి శ్రుతి యాడుందిరా?”

వాదన తేలకుండానే నేను తెర లాగే పనికి కుదిరాను. రిహార్సళ్ళు చింతామణిలో ఒక టమోటా మండీలో జరిగేవి. పొద్దున వేలం అయిపోయి లారీలు కదిలాక నేల కడిగి ఆడుకోమని మండీ యజమాని నారాయణస్వామి చోటిచ్చాడు. చోటిచ్చి ఊరుకోలేదు, భర్త వేషం కూడా అడిగి తీసుకున్నాడు. పాత ఇల్లు పడగొట్టినప్పుడు దాచిన తలుపును ద్వారబంధంతో సహా తెచ్చి నిలబెట్టాడు. టేకు తలుపు, ఇనుప గడియ. వేస్తే మండీ అంతా వినిపించేది. ప్లాస్టిక్ క్రేట్లు బోర్లించి దుప్పటి కప్పితే కథలోని జమీందారు భర్త ఇంటి మెట్లు. మాటలు కన్నడం, పాటలు తెలుగు, తిట్లు రెండూ. మూడు గంటల సినిమాను అత్త సగానికి కోసింది. నల్లగా ఉందని పనిమనిషిని ఎగతాళి చేసే హాస్యమంతా తీసేసి, ఆ పనిమనిషికే ఒక పాటిచ్చింది. ఆటలన్నీ మధ్యాహ్నం మొదలై పొద్దుగూకేలోగా అయిపోవాలని నియమం పెట్టింది. ఎందుకంటే ఆడేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, వాళ్ళకు ఇంటికి పోయే బస్సు దొరకాలి. కళకు రాత్రే అందమని వాదించే పెద్దమనుషులు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవండి.

మొదటి ఆట బాగేపల్లిలో. హాలు నిండింది, మీరు తప్ప. నారాయణస్వామి ఒకసారి బెంగళూరులో నాటకం చూసొచ్చాడు. అక్కడ దగ్గేవాళ్ళు కూడా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారట. మన ఆట కూడా అంత గౌరవంగా ఉండాలని ఆయన ఆశ. ఎవరికీ చెప్పకుండా, వేషంలోనే మైకు అందుకుని ప్రకటించాడు: “దయచేసి మొబైల్ ఆఫ్ చెయ్యండి. ఈలలు, కేకలు వద్దు. ఇది టీచరమ్మ ఆట, సైలెంటుగా చూడండప్పా.”

మనవాళ్ళు ఎంత మర్యాదస్తులంటే, నిజంగానే సైలెంటుగా చూశారు. పెళ్ళిలో ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు. చివరి పాట వచ్చింది. గంగరత్న వంగబోయే ముందు ఆ చూపు చూసింది. ముందు వరసలో ఒకామె చేయి గుండె మీదికి పోవడం నేను చూశాను. పాట అయిపోయింది. గంగరత్న కాళ్ళ దగ్గరే పడి ఉంది. అత్త హార్మోనియం మీద ఒక్క స్వరం పట్టి, గాలితిత్తి ఊపుతూ కాచుకుంది. కాచుకుంది. హాలంతా గౌరవంగా చప్పట్లు కొట్టింది.

ఎవరూ అడగలేదు. తెర పడింది. తెర వెనక గంగరత్న చాలాసేపు లేవలేదు.

తిరిగొచ్చేటప్పుడు టమోటాలు మోసే టెంపోలో తలుపు పక్కన అందరం కూర్చున్నాం. నారాయణస్వామికి అప్పటికి బుర్రకెక్కింది.

“టీచరమ్మా, నా నోరు కుట్టెయ్యండి.”

“కుట్టేస్తే భర్త పాట ఎవురు పాడతారప్పా?” అంది అత్త. సుద్దముక్కను కొంగుకు ముడేసుకుంటూ, “మర్యాద మనల్ని ముంచింది. ఈసారి మర్యాద లేని ఊరు చూడండి.”

పేరేసంద్ర చూశాం. మర్యాద లేని ఊరని కాదు, హైవే ఊరు. లారీలు ఆగే చోటు, ఎవరూ ఎవరికీ గొంతు తగ్గించి మాట్లాడని చోటు. బడి మైదానంలో స్టేజీ. నారాయణస్వామి మైకు దరిదాపులకు పోకుండా గంగరత్న కాపలా కాసింది. జనం వస్తున్నారు, పోతున్నారు, తింటున్నారు. పనిమనిషి పాటకు ఈలలు. మొగుడు పెళ్ళాన్ని గెంటేసినప్పుడు ఒక లారీ డ్రైవరు లేచి నిలబడి నారాయణస్వామిని వావివరసలు లేకుండా తిట్టాడు. అత్త మొహం వెలిగిపోయింది. కాలేజీ పిల్లలు సినిమా డైలాగులకు పకపకా నవ్వుతుంటే నేను విసుక్కున్నాను. ఆమె హార్మోనియం మీంచి చేతులు తియ్యకుండానే అంది: “నవ్వనీరా. నవ్వేటోడు ఇంకా కూసోనే ఉండాడు కదా.”

చివరి పాట. చూపు. వంగడం. పాట ముగిసింది. హార్మోనియంలో ఒక్క స్వరం మిగిలింది. నా గొంతులో కేక ఉంది, అరిచేసేవాణ్ణే. అత్త నా వైపు కళ్ళెర్రజేసింది. నువ్వు కాదు, వాళ్ళు.

ఉడకబెట్టిన సెనక్కాయల గంప పక్కన పెట్టుకుని ముందు వరసలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. మన నాటకాల్లో వన్స్ మోర్ అరిచేది ఎప్పుడూ మగవాళ్ళే. ఆమె ఆ ముచ్చట పట్టించుకోలేదు.

“ఏమమ్మా, ఆడే పడుకున్న్యావేమి? లెయ్! ఆ పాట ఇంకోతూరి పాడు! ఒన్సు మోరు!”

డ్రైవర్లు అందుకున్నారు. కాలేజీ పిల్లలు అందుకున్నారు. మైదానం మోగిపోయింది.

గంగరత్న లేచింది. ఆ వీరుడు పంచె దులుపుకున్నట్టు చీర దులుపుకుంది. జనం నవ్వారు. నవ్వుతూ ఉండగానే ఆమె నారాయణస్వామి పక్కనుంచి నడిచి, బిడ్డ వేషం వేసిన పిల్లను చెయ్యి పట్టుకుని, తలుపు దాటి లోపలికి పోయి గడియ వేసింది. టప్పున వినిపించింది. నవ్వు ఆగిపోయింది.

హార్మోనియం అదే పాట ఎత్తుకుంది. బయట మిగిలింది భర్త. మోకాళ్ళ నొప్పి మనిషి, ద్వారబంధం పట్టుకుని మెల్లగా కూలబడి, అదే మాట, అదే వరసలో పాడాడు: తప్పు నాదే, తలుపు తియ్యి. బండగొంతు. శ్రుతి ఒకచోట జారింది కూడా. అయినా ఆ పాటను అన్నేళ్ళుగా విన్న మైదానం దాన్ని మొదటిసారి విన్నట్టు వింది.

లోపల్నుంచి గంగరత్న గొంతు, ఆటలోని కన్నడం వదిలి ఇంటి తెలుగులో: “ఆడే కూసో. బిడ్డకు బువ్వ పెట్టి వస్తా.”

“అట్ల చెప్పు!” అంది ముసలమ్మ.

తెర లాగడానికి నేను తాడు పట్టుకున్నాను. “వద్దు,” అంది అత్త. “ఆయన్ని కూసోనీ.” తెర వెయ్యలేదు. ఆట అయిపోయిందని ఎవరూ చెప్పలేదు. హార్మోనియం సన్నగా మోగుతూనే ఉంది. జనం కాసేపు చూసి, ఒకరొకరే లేచి, బిడ్డల్ని చంకనేసుకుని కదిలారు. నారాయణస్వామి గడప దగ్గర కూర్చునే ఉన్నాడు. ఆయన్ని అంతకుముందు తిట్టిన డ్రైవరు స్టేజీ పక్కగా పోతూ ఆగి, “కూసోప్పా, వస్తాది,” అని చెప్పి పోయాడు.

ఆ సినిమా మీద నా అభిప్రాయం మారలేదు. ఇప్పటికీ అది విషమే అంటాను. కానీ విరుగుడు అదే సీసాలో ఉంటుందని వాదించిన మనిషి మా అత్త, ఆ వాదన పేరేసంద్రలో గెలిచింది. అత్తతో ఇంకా వాదించాల్సింది చాలా ఉండింది.

అంత్యక్రియల రోజు ఎవరో హార్మోనియం మీద పూలదండ వేశారు. నారాయణస్వామి దాన్ని తీసి పక్కన పెట్టాడు. “దానికి దండ ఏమిటికప్పా? అదేమన్నా సచ్చిందా?”

దినం అయిన మర్నాడు జిల్లా కేంద్రం నుంచి పెద్దమనుషులు వచ్చారు. పెద్ద హాలులో సంతాప సభ పెడతామన్నారు. సంతోషించాం. ఆటలోని చివరి పాట ఆడాలన్నారు. ఇంకా సంతోషించాం. అప్పుడు ఒకాయన గొంతు సవరించుకున్నాడు. “పాట ఒక్కసారే. సినిమాలో ఉన్నట్టు, ఒరిజినల్‌గా. సంతాప సభలో వన్స్ మోర్ అంటే బాగుండదు కదా.”

గంగరత్న వాకిట్లో నిలబడి ఉంది. “సార్, ఆయమ్మ ఆ రెండోతూరి కోసమే ఇంత చేసింది. ఒకతూరి పాడి ఊరుకుంటే టీచరమ్మను మళ్ళా కాల్చినట్ల.”

“నీకు ఇష్టం లేకపోతే వేరేవాళ్ళతో పాడిస్తాంలేమ్మా.”

“పాడించుకోండి సార్,” అన్నాడు నారాయణస్వామి. “తలుపు మాత్రం మా ఇంటిది. అది రాదు.”

వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆటను పాతసినిమా పెట్టెలో పెట్టి మళ్ళీ మూతేయడానికి దండ పట్టుకుని వచ్చిన ఆ పెద్దమనుషుల్లో మీరు లేరని చెప్పగలరా?

గంగరత్నా, విను. ఆట నిలిచిపోదు. చింతామణి టమోటా మండీలోనే ఆడుతున్నాం, వేలం అయిన మధ్యాహ్నం, నేల కడిగి. హార్మోనియం ముందు నేను కూర్చుంటున్నాను. చిన్నప్పుడు అత్త నెత్తిన మొట్టి నేర్పిందే నాకొచ్చింది, పాటల వరకు ఎలాగో లాగుతాను. ఆఖర్న పట్టి కూర్చోవాల్సిన ఆ ఒక్క స్వరం మాత్రం ఎంతసేపైనా వదలను. నా కోపానికి ప్రస్తుతానికి దొరికిన శ్రుతి అదే.

చదువుతున్నవాళ్ళకు, ఇవీ మా డిమాండ్లు:

దీపాల బొమ్మలు చాలు. ఆటకు రండి.

మైకు దొరికింది కదా అని జనాన్ని నోరు మూసుకోమనకండి.

పాత పాట వినిపించగానే కళ్ళు మూసుకుని తలూపకండి. ఆమె వంగే ముందు చూసే చూపు చూడండి.

తాలూకాలో, జిల్లాలో ఉన్న రంగమందిరాలను మధ్యాహ్నం ఆటలకు తెరవండి.

మీ ఇళ్ళలో పాడగలిగిన ఆడవాళ్ళు రిహార్సలుకు వస్తామంటే పంపిస్తామని గొప్పలు పోకండి. దారి వదలండి, వాళ్ళే వస్తారు.

పాట అయిపోయి, గంగరత్న కింద పడి ఉండి, హార్మోనియంలో ఒక్క స్వరం మిగిలినప్పుడు చప్పట్లు కొట్టకండి. నోరు తెరిచి అడగండి.

అడిగినవాళ్ళు ఇంటికి పోయేటప్పుడు, మూసిన తలుపు ముందు ఒక మనిషి ఇంకా కూర్చునే ఉంటాడు. లోపల బిడ్డ బువ్వ తింటూ ఉంటుంది. ఆయనకు ఒక మాట చెప్పి వెళ్ళండి.